నచ్చిన సబ్జెక్టులన్నీ కలిపి ఒకే డిగ్రీ చదవొచ్చా?

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు నడిపే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో వెబ్ ఆప్షన్ల కాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఏ గ్రూపు మంచిదని అడిగేవాళ్ళు తగ్గుతున్నారు. ఈ గ్రూపులో ఉన్నదీ, ఆ గ్రూపులో ఉన్నదీ కలిపి చదవడానికి దారి ఉందా అని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. ఈసారి నర్సంపేట, పరకాల, ములుగు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అలాంటి ఉత్తరాలకు ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ పూర్తి చేశాను. మాది పాకాల చెరువు కింది ఊరు. నీళ్ళు, చేపలు, ఆయకట్టు, ఆ చెరువు కట్టించిన కాలం అన్నీ కలిపి చదవాలని ఉంది. బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) తీసుకుంటే చరిత్ర పోతుంది, బీఏ తీసుకుంటే సైన్స్ పోతుంది. విదేశాల్లో విద్యార్థులే తమ డిగ్రీని తయారు చేసుకుంటారట. మన దగ్గర కుదురుతుందా? — ఒక విద్యార్థిని, నర్సంపేట

జవాబు: మొత్తం డిగ్రీని మీరే గీసుకునే వీలు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో లేదు. సగం దాకా మాత్రం మీ చేతిలో ఉంటుంది, ఆ సగాన్ని వాడుకోవడం చాలామందికి తెలియదు.

ముందు లెక్క చూడండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. అందులో మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు, కనీసం 60, దానికి తోడుండే మైనర్‌కు 24, ఇతర విభాగాల నుంచి తీసుకునే మల్టీడిసిప్లినరీ కోర్సులకు 9, భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం లేదా 30 గంటల ప్రాక్టికల్. మన దగ్గర ఎక్కువ కాలేజీల్లో ఇంకా మూడు ఆప్షనళ్ళ (ప్రధాన సబ్జెక్టుల) పద్ధతే కనిపిస్తుంది, పేర్లూ అంకెలూ యూనివర్సిటీని బట్టి మారతాయి. అయినా జనరల్ ఎలెక్టివ్ (వేరే విభాగం నుంచి ఎంచుకునే పేపర్), స్కిల్ కోర్సులు, ఆఖరి ఏడాది ప్రాజెక్టు అనే మూడు తలుపులు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి.

మీరు బైపీసీ కాబట్టి బీఎస్సీ లైఫ్ సైన్సెస్ తీసుకోండి. బీఏ తర్వాత ఎప్పుడైనా చదవొచ్చు. మూడేళ్ళ తర్వాత ల్యాబ్ సైన్స్‌లోకి తిరిగి రావడం మాత్రం చాలా కష్టం. జువాలజీ తప్పనిసరి. దానికి తోడు కెమిస్ట్రీ ఉన్న కాంబినేషన్ పెట్టుకోండి, నీటి పరీక్షలన్నీ అక్కడే నేర్చుకుంటారు. కొన్ని కాలేజీల్లో ఫిషరీస్ కూడా ఆప్షనల్‌గా ఉంటుంది, దొరికితే వదలొద్దు. జనరల్ ఎలెక్టివ్‌లో చరిత్ర గానీ భూగోళశాస్త్రం గానీ తీసుకోండి. స్కిల్ కోర్సు కింద జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించే విద్య, పెట్టుకోండి. కాలేజీలో లేకపోతే ఇస్రోకు చెందిన డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. ఆ పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కూ డబ్బులు కట్టక్కర్లేదు. ఇంటర్‌లో గణితం లేదు కాబట్టి స్టాటిస్టిక్స్ ఆప్షనల్‌గా రాదు. ఆ లోటును కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో బయోస్టాటిస్టిక్స్ కోర్సుతో పూడ్చుకోవచ్చు. రెండో భాషగా తెలుగే ఉంచుకోండి, చెరువు శాసనాల పాఠాలు చదవాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

ఇక ప్రాజెక్టు. అన్ని సబ్జెక్టులూ నిజంగా కలిసేది ఇక్కడే. "పాకాల చెరువు అధ్యయనం" అని పెడితే అది ఎటూ సాగదు. "చెరువులో నీటిమట్టం తగ్గే నెలల్లో చేపల రకాలు ఎలా మారుతున్నాయి, తూము ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించే పాత పద్ధతి మారడానికీ దానికీ సంబంధం ఉందా" అని అడిగితే జువాలజీ, కెమిస్ట్రీ, చరిత్ర మూడూ పనిలోకి వస్తాయి. మీ ప్రశ్నను ఒక పరీక్షకు పెట్టండి: ఏదైనా ఒక సబ్జెక్టును తీసేసినా జవాబు దొరుకుతున్నదంటే, ఆ సబ్జెక్టు అలంకారానికే ఉన్నట్టు.

చేసేటప్పుడు ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాం. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఒక వారం పొద్దున 7 గంటలకు, ఇంకో వారం మధ్యాహ్నం 2 గంటలకు కొలిచి, రెండింటినీ పోల్చి "కాలుష్యం తగ్గింది" అని రాసేస్తుంటారు. 30 డిగ్రీల వేడిమి ఉన్న నీటిలో మామూలుగా లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. నాచు ఎక్కువున్న చెరువులో ఎండ కాసే వేళ అది అంతకు మించిపోతుంది, తెల్లవారుజాముకు 2, 3కి పడిపోతుంది. నాచు పగలు ఆక్సిజన్ వదిలి రాత్రి పీల్చుకుంటుంది కాబట్టి ఒకే రోజులోనే ఇంత తేడా. అందుకే ప్రతిసారీ అదే చోటు, అదే గంట, అదే లోతు. నీటి పరీక్షకు వాడే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను బుడగ లేకుండా నింపాలి. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ గట్టు మీదే కలిపేయాలి. సీసాను అలాగే హనుమకొండ దాకా బస్సులో మోసుకెళ్ళి ల్యాబ్‌లో కలిపితే ఆ అంకెకు విలువ లేదు. నీటి తేటదనం కొలవడానికి 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు సెక్కీ డిస్క్ చాలు, రేకు ముక్కతో మీరే చేసుకోవచ్చు.

చరిత్ర వైపు పనిని కూడా అంతే పట్టుగా చేయాలి. నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) మ్యాపు, తహసీల్ ఆఫీసులో ఊరి నక్షా, మత్స్యకారుల సహకార సంఘం దగ్గర చేపపిల్లలు వదిలిన లెక్కలు అడగండి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ పట్టుకెళ్తేనే ఇస్తారు, ఉత్త చేతులతో వెళ్తే తిప్పుతారు. నీరటి పని, అంటే తూము ఎత్తి పొలాలకు నీళ్ళు వదిలే పని, చేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే మొదటి ఏడాదిలోనే వెళ్ళి మాట్లాడి రికార్డు చేసుకోండి. మూడో ఏడాది దాకా ఆగొద్దు.

ప్రశ్న: హనుమకొండలో బీఏ రెండో ఏడాది. స్వయంలో కోర్సు చేస్తే మా డిగ్రీలో క్రెడిట్లు కలుస్తాయన్నారు. మా సీనియర్ పాసై సర్టిఫికెట్ తెచ్చినా మెమోలో కలపలేదు. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

జవాబు: దాదాపు ప్రతిసారీ కోర్సులో చేరకముందే జరుగుతుంది. సర్టిఫికెట్ తెచ్చాక క్రెడిట్ అడగడం తిరగబడ్డ వరుస. ముందు అనుమతి, తర్వాత కోర్సు.

2021 నాటి యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లను స్వయం ద్వారా తెచ్చుకోనిస్తాయి. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లయితే 8 దాకా అన్నమాట. కానీ ఏ కోర్సు దేని బదులు లెక్కకొస్తుందో తేల్చేది మీ యూనివర్సిటీ. కాబట్టి సెమిస్టర్ మొదలవకముందే కాలేజీలో స్వయం కోఆర్డినేటర్‌ను కలవండి. కోర్సు పేరు, కోడ్, వారాలు, క్రెడిట్లు, మీ సిలబస్‌లో ఏ పేపర్ బదులు తీసుకుంటున్నారో రాసి దరఖాస్తు పెట్టండి. విభాగాధిపతి సంతకమైన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. మాటవరసకు "చేసుకో బిడ్డా, చూద్దాం" అన్నదాన్ని నమ్ముకోవద్దు, ఆ లెక్చరర్ బదిలీ అయితే అంతే.

రెండో చిక్కు క్రెడిట్ల లెక్క. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ విభాగంలో 4 వారాల కోర్సుకు 1, 8 వారాలకు 2, 12 వారాలకు 3 క్రెడిట్లు. మీ ఎలెక్టివ్ 4 క్రెడిట్లదైతే 12 వారాల కోర్సు ఒక్కటీ చాలదు. కోర్సు పేజీలోనే క్రెడిట్లు రాసి ఉంటాయి, చేరే రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మూడోది పరీక్ష. చదువు ఉచితం, పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు చేరినట్టు అనుకుని గడువు దాటేసేవాళ్ళు చాలామంది. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రెండూ విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో మీరు బాగా చేసిన 8 అసైన్‌మెంట్లను లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు వారాలు తప్పినా కంగారు లేదు, కానీ మొదటి నెలంతా వదిలేస్తే కోలుకోలేరు. పరీక్ష తేదీ మీ సెమిస్టర్ పరీక్షల్లో పడుతుందేమో రిజిస్టర్ చేసుకునే రోజే చూసుకోండి.

చివరిది పేరు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్, ఏబీసీ (క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ, స్వయం ప్రొఫైల్ నాలుగూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. క్రెడిట్లు ఖాతాకు ఎక్కకపోవడానికి ఇదో పెద్ద కారణం. మీ సీనియర్‌కు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మొదట ఇదే చూడమనండి.

ప్రశ్న: మా బిడ్డ ఒక్క గ్రూపు చదవనంటున్నది. గణితం, ఆర్థికశాస్త్రం, కంప్యూటర్ అన్నీ కావాలంటది. రేపు ఎవరన్నా ఏం చదివినవు అని అడిగితే ఏం చెప్పాలె? సర్కారు నౌకరికి పనికొస్తదా? — ఒక తండ్రి, పరకాల

జవాబు: అయ్యా, మీ బిడ్డ అడిగిన మూడూ ఒకదానికొకటి బాగా అతికే సబ్జెక్టులు. మీ అనుమానమూ న్యాయమైనదే, ఎందుకంటే ఉద్యోగ ప్రకటనలు మన ఆసక్తుల్ని చూడవు, సర్టిఫికెట్‌నూ మెమోనూ చూస్తాయి. ఉద్యోగాలను మూడు రకాలుగా విడదీసి చూద్దాం.

గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు క్లర్కు, పీఓ లాంటివాటికి గుర్తింపు పొందిన ఏ డిగ్రీ అయినా చాలు. అక్కడ కాంబినేషన్ గురించి బెంగ అక్కర్లేదు. పైగా గణితం, ఆర్థికశాస్త్రం రెండూ ఆ పరీక్షలకు పనికొచ్చేవే.

బడి టీచర్ ఉద్యోగం వేరే సంగతి. స్కూల్ అసిస్టెంట్ గణితం కావాలంటే డిగ్రీలో గణితం ఆప్షనల్‌గా ఉండాలి, బీఈడీలోనూ ఆ మెథడాలజీయే ఉండాలి. ఎలెక్టివ్‌గా ఒక పేపర్ చదివితే ఆప్షనల్ చదివినట్టు లెక్కకు రాదు. అమ్మాయికి టీచర్ కావాలన్న ఆలోచన కొంచెమైనా ఉంటే గణితాన్ని ఆప్షనల్‌గా ఉంచి, మిగతావాటిని దాని చుట్టూ పెట్టుకోమనండి. ఈ ఒక్క విషయం తెలియక మూడేళ్ళ తర్వాత బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ దగ్గర ఆగిపోయిన పిల్లలను చూస్తుంటే బాధేస్తుంది.

జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ ఉద్యోగాలకు సంబంధిత సబ్జెక్టులో పీజీ ముఖ్యం. రాష్ట్రంలో పీజీ ప్రవేశాలకు సీపీగెట్ రాయాలి. ఎమ్మెస్సీ గణితానికి డిగ్రీలో గణితం ఉండాల్సిందే, ఎంఏ సాంఘికశాస్త్రాలకు తలుపు వెడల్పుగా ఉంటుంది. అంటే సైన్స్, గణితం వైపు నుంచి ఆర్ట్స్ వైపు నడవొచ్చు, తిరిగి రావడం కష్టం. కలగలుపు చదువు కోరేవాళ్ళకు మేం ఎప్పుడూ చెప్పేది ఇదే: ముందు కఠినమైన సబ్జెక్టును ఆప్షనల్‌గా పట్టుకోండి.

డిగ్రీ పేరు కూడా చూడండి. కొన్ని ప్రైవేటు సంస్థలు కొత్త కొత్త పేర్లతో కోర్సులు పెడుతున్నాయి. యూజీసీ చట్టం 1956లోని సెక్షన్ 22 కింద నోటిఫై చేసిన పేరున్న డిగ్రీ మాత్రమే డిగ్రీగా చెల్లుతుంది. సర్టిఫికెట్ మీద బీఏ, బీఎస్సీ, బీకాం లాంటి పేరు ఉండి, సబ్జెక్టులు మెమోలో ఉంటే ఇబ్బంది రాదు. పేరే కొత్తదైతే ప్రతి ఉద్యోగం దగ్గరా సమానత్వ ధ్రువపత్రం కోసం తిరగాల్సి వస్తుంది. చేరకముందే పోయిన బ్యాచ్ పిల్లవాడి ప్రొవిజినల్ సర్టిఫికెట్ చూపించమని అడగండి.

ఏం చదివిందంటే ఏం చెప్పాలని అడిగారు. "బీఎస్సీ గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు ఎందుకు అట్ల పెరిగి తగ్గుతయో లెక్కగట్టింది" అని చెప్పండి. ఆ రెండో మాట చెప్పగలిగేలా ప్రాజెక్టు చేయమనండి. ఆర్థికశాస్త్రం ఆ ప్రాజెక్టులోకీ, ఎలెక్టివ్‌లోకీ వస్తుంది.

ప్రశ్న: ఇట్లా కలిపి చదివితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుందా? — కేసముద్రం

జవాబు: ఆగదు. రెగ్యులర్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, కుటుంబ ఆదాయ పరిమితి, 75 శాతం హాజరు ఉంటే స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈపాస్‌లో మీరు ఏ కాంబినేషన్ తీసుకున్నారన్నది అడ్డు కాదు. దూరవిద్యకు మాత్రం రాదు. హాజరు విషయంలోనే జాగ్రత్త: పక్క విభాగం క్లాసులో కూర్చున్న గంటలు మీ పేరు మీద పడుతున్నాయో లేదో నెలనెలా చూసుకోండి. రిజిస్టర్ వేరు కావడం వల్ల హాజరు తగ్గి స్కాలర్‌షిప్ ఆగితే సర్ది చెప్పడం కష్టం.

ప్రశ్న: కరీంనగర్‌లో బీకాం చదువుతూ ఐఐటీ మద్రాస్ వారి ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు చేయొచ్చా? రెండు పడవల మీద కాళ్ళు అని ఇంట్లో భయపెడుతున్నారు.

జవాబు: నిబంధన ప్రకారం చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు కోర్సులకు అనుమతించింది. రెండూ రెగ్యులరైతే క్లాసు వేళలు ఢీకొనకూడదు, ఒకటి రెగ్యులర్ ఒకటి ఆన్‌లైన్ లేదా దూరవిద్య అయితే ఆ చిక్కూ లేదు.

మీరు చెప్పిన కోర్సుకు పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఇంటర్ పాసైతే చాలు, ఏ గ్రూపైనా ఫరవాలేదు. అయితే చేరగానే సీటు వచ్చినట్టు కాదు. ముందు నాలుగు వారాల పాఠాలు, వారవారం అసైన్‌మెంట్లు, తర్వాత కేంద్రానికి వెళ్ళి రాసే క్వాలిఫయర్. ఇంగ్లిష్, గణితం, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్ నాలుగింటిలో పరీక్ష ఉంటుంది. ఫౌండేషన్ 32 క్రెడిట్లు, బీఎస్సీకి 114, నాలుగేళ్ళ బీఎస్ డిగ్రీకి 142. మధ్యలో ఆపినా సర్టిఫికెట్, డిప్లొమా అనే మెట్లున్నాయి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఫీజులో తగ్గింపు ఉంది, దరఖాస్తుతో పాటే పత్రాలు పెట్టాలి.

సీఈసీ నుంచి వచ్చిన పిల్లలు సాధారణంగా తడబడేది గణితం దగ్గర. ఫంక్షన్లు, గ్రాఫులు, లాగరిథమ్‌లు ఇంటర్ మొదటి ఏడాది పుస్తకం తీసి ఒక నెల సాధన చేసి దరఖాస్తు పెట్టండి. చేరాక టర్ముకు నాలుగు కోర్సులు ఎత్తుకోవద్దు, రెండు చాలు. బీకాం సెమిస్టర్ పరీక్షలున్న టర్ములో ఒక్కటే తీసుకోండి. ఒక్కో కోర్సుకు వారానికి 10 గంటలు కేటాయించలేని నెలలో కొత్త కోర్సు మొదలుపెట్టకపోవడమే మంచిది. మీ ఇంట్లోవాళ్ళ భయానికి జవాబు కూడా అదే, ఒక్కో టర్ములో మోసే బరువు మీ చేతిలోనే ఉంది.

ప్రశ్న: ములుగు జిల్లాలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ను. మా దగ్గర ఉన్నవే కొద్ది గ్రూపులు. పిల్లలకు ఎంపిక ఇవ్వాలన్న మనసున్నా ఎలా ఇవ్వాలో తోచడం లేదు.

జవాబు: మీలాంటి కాలేజీల్లో నిబంధన కంటే టైంటేబులే ఎక్కువ అడ్డు పడుతుంది. బీఏ పిల్లలకు ఖాళీ ఉన్న గంటలో బీఎస్సీ పిల్లలు ల్యాబ్‌లో ఉంటారు. అందుకని ముందు వారంలో నాలుగు గంటలు, అన్ని గ్రూపులకూ ఒకే వేళకు, ఎలెక్టివ్ కోసమని గుర్తుపెట్టి మిగతా టైంటేబుల్ దాని చుట్టూ వేయండి. టైంటేబుల్ మొత్తం వేశాక ఎలెక్టివ్‌కు చోటు వెతికితే ఎప్పటికీ దొరకదు. బస్సులు పట్టుకునే పిల్లలుంటారు కాబట్టి ఆఖరి పీరియడ్ వద్దు.

రెండోది, ప్రాజెక్టుకు ఇద్దరు గైడ్‌లు. మీకు రామప్ప దగ్గర్లోనే ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ గుడి మీద చరిత్ర విద్యార్థి ఒక్కడే రాస్తే పాత పుస్తకాల సారాంశమే వస్తుంది. నీటిలో తేలే ఇటుక బరువెంత, ఘనపరిమాణమెంత, సాంద్రత ఎంత అని ఫిజిక్స్ విద్యార్థి లెక్కగట్టే పద్ధతి తోడైతే అదే ప్రాజెక్టు వేరే స్థాయిలో ఉంటుంది. గుడిలోని ఇటుకను ముట్టుకోకూడదు, పురావస్తు శాఖ అనుమతి లేకుండా నమూనా తీయడం నేరం. ప్రచురితమైన కొలతలు తీసుకుని, పొట్టు కలిపి కాల్చిన ఇటుకలతో ల్యాబ్‌లో పోల్చి చూడొచ్చు. మార్కులు వేసేటప్పుడు ఇద్దరు గైడ్‌లూ చెరో సగం చూడొద్దు, ఇద్దరూ మొత్తం చదవాలి. లేకపోతే పిల్లలు రెండు ప్రాజెక్టులు కుట్టి ఒకటిగా ఇస్తారు.

ప్రశ్న: అమెరికాలో సొంతంగా మేజర్ తయారు చేసుకునే కాలేజీలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. ఏం సిద్ధం చేసుకోవాలి? — హనుమకొండ

జవాబు: అక్కడ ఇది కొత్త పద్ధతేమీ కాదు. మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీ 1970లో గ్రేడ్లు లేకుండా, అధ్యాపకులు రాసే మదింపులతో మొదలైంది. 2019లో అదే కాలేజీ ఆర్థిక ఇబ్బందులతో పూర్తి బ్యాచ్‌ను చేర్చుకోలేకపోయింది. చిన్న కాలేజీకి దరఖాస్తు పెట్టేముందు దాని ఆర్థిక పరిస్థితి, గుర్తింపు ఎలా ఉన్నాయో చూడాలన్నది అందుకే. న్యూయార్క్ యూనివర్సిటీలోని గాలటిన్ స్కూల్ 1972 నుంచి నడుస్తోంది. అక్కడ విద్యార్థి తాను ఏం చదవదలచాడో, ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఒక పత్రం రాసి ఒప్పించాలి, చివర్లో తాను ఎంచుకున్న పుస్తకాల జాబితా మీద అధ్యాపకుల ముందు కూర్చుని మాట్లాడాలి. కొన్ని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇండివిడ్యువలైజ్డ్ మేజర్ అని విడిగా ఉంటుంది.

ఎక్కువచోట్ల వరుస ఇలా ఉంటుంది: ముందు మామూలుగా చేరతారు, మొదటి లేదా రెండో ఏడాదిలో ప్రతిపాదన పెడతారు. దానికి బాధ్యత తీసుకునే ప్రొఫెసర్ దొరకాలి. ప్రతిపాదనలు తిరిగొచ్చేది మూడు కారణాల వల్ల. ఉన్న మేజర్‌కు ఒక మైనర్ కలిపితే సరిపోయేదాన్ని కొత్త మేజర్ అనడం. కోర్సుల జాబితా నిండా తొలి ఏడాది పాఠాలే ఉండి పైస్థాయివి లేకపోవడం. పరిశోధన పద్ధతి నేర్పే కోర్సు ఒక్కటీ లేకపోవడం. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

ఇక్కడివాళ్ళు తప్పక చూడాల్సింది విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద పడే సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు ఏ రకందో చెప్పే అంకె. చదువయ్యాక అక్కడ పని చేయనిచ్చే 12 నెలల ఓపీటీకి తోడు మరో 24 నెలలు రావాలంటే ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండాలి. సొంతంగా కూర్చుకున్న మేజర్‌కు సాధారణంగా ఇంటర్‌డిసిప్లినరీ కోడ్ ఇస్తారు, అందులో చాలావాటికి ఆ పొడిగింపు లేదు. మీ జాబితా నిండా కంప్యూటర్ కోర్సులే ఉన్నా కోడ్‌నే చూస్తారు. అప్పు చేసి వెళ్ళేవాళ్ళు ఈ విషయాన్ని ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.

అంత ఖర్చు మోయలేమనుకుంటే దగ్గర్లోనూ దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ ప్రవేశ పరీక్ష ద్వారా ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు, శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం. చివరిదానిలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు మాఫీ ఉంటుంది.

ప్రశ్న: మొదటి ఏడాది పూర్తయింది. ఇంటి పరిస్థితి వల్ల ఆపేయాల్సి వస్తోంది. ఇప్పటిదాకా చదివింది వృథాయేనా? — ఒక విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: వృథా కాదమ్మా. కొత్త చట్రంలో మొదటి ఏడాది 40 క్రెడిట్లు, దానికి తోడు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. మూడేళ్ళలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్ళలో డిగ్రీ పూర్తి చేయాలి. ఇది మీ బ్యాచ్ నిబంధనల్లో ఉందో లేదో ఎగ్జామ్ బ్రాంచిలో అడగండి. అందులో లేకపోయినా పాసైన పేపర్లు ఎక్కడికీ పోవు, రీఅడ్మిషన్‌కు దారి ఉంటుంది. తర్వాత వేరే కాలేజీకి మారాలనుకుంటే ఏబీసీలోని క్రెడిట్లు తీసుకెళ్ళొచ్చు, కాకపోతే డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదవాలి. ఇంటి దగ్గరుండి చదవాలంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, 1982 నుంచి ఈ పని చేస్తోంది.

బ్యాక్‌లాగ్ ఉంటే ఆపేముందే రాసేయండి, సిలబస్ మారితే పాత పేపర్ వెతుక్కోవాల్సి వస్తుంది. రెండు సెమిస్టర్ల మెమోలు, స్టడీ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. డిజిలాకర్ తెరిచి ఏబీసీ ఖాతాలో మీ క్రెడిట్లు పడ్డాయో లేదో చూడండి. పడకపోతే కాలేజీలో ఉండగానే దరఖాస్తు ఇచ్చి సరి చేయించుకోండి. టీసీ అడగడం ఆ తర్వాతే.